బొగ్గుబాయి ఊళ్ళో పుట్టిన గొంతు: బిల్ విదర్స్ గురించి నా జ్ఞాపకాలు

ముప్పై రెండేళ్ళ వయసు దాకా విమానాల్లో పెట్టే టాయిలెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని చేసుకున్న మనిషి, ఒకే ఒక్క పాటతో అమెరికా అంతా తెలిసిపోయి, 1971 నుంచి 1985 దాకా పాడి, ఇక చాలు అనుకుని ఇంటికెళ్ళిపోయాడు, ఆ తర్వాత ఇంకో ముప్పై అయిదేళ్ళు బతికాడు కానీ మళ్ళీ ఆల్బమ్ అన్నదే చెయ్యలేదు. బిల్ విదర్స్ గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే. పాటల సంగతి తర్వాత. ఎందుకంటే ఆ మనిషి సంగతి తెలిస్తేనే ఆ పాటలు అంత సాదాగా, అంత నిండుగా ఎందుకున్నాయో అర్థమవుతుంది.

నేను గోదావరిఖనిలో పెరిగిన సింగరేణి బిడ్డని. మా బాపు అండర్‌గ్రౌండ్ కార్మికుడు. 8 ఇంక్లైన్ కాలనీలో క్వార్టర్, సైరన్ మోగితే టైమ్ ఎంతయిందో గడియారం చూడకుండా చెప్పే అలవాటు, ఫస్ట్ షిఫ్ట్ అయితే తెల్లారకముందే అమ్మ లేచి సద్ది డబ్బా కట్టడం, బాపు సైకిల్ హ్యాండిల్‌కి ఆ డబ్బా తగిలించుకుని పోవడం, ఇదీ మా చిన్నతనం. డ్యూటీ నుంచి వచ్చాక ఎంత రుద్ది స్నానం చేసినా బాపు కళ్ళ అంచుల్లో కాటుక పెట్టినట్టు సన్నటి నల్లగీత ఉండేది, అది ఆదివారం కూడా పోయేది కాదు. బిల్ పాడే సోల్ మ్యూజిక్, అంటే అమెరికా నల్లవాళ్ళ పాట, ఆ మాటే మా ఇంటి దరిదాపుల్లో కూడా లేదు, మాకు పాటలంటే రేడియోలో సినిమా పాటలు, మే డే రోజు యూనియన్ ఆఫీసు దగ్గర డప్పు మీద పాడే పాటలు, అంతే.

తర్వాత ఎమ్మెస్ చదవడానికి వెస్ట్ వర్జీనియా వెళ్ళాను, మోర్గాన్‌టౌన్‌లో యూనివర్సిటీ. అది కూడా బొగ్గు రాష్ట్రమే అని పేపర్ మీద తెలుసు గానీ, అక్కడ బొగ్గు లారీలు, కొండల మధ్య పొడవాటి గూడ్సు బళ్ళు చూసినప్పుడు కలిగిన ఫీలింగ్ వేరు. మా డిపార్ట్‌మెంట్ వర్క్‌షాపులో ఒక పెద్దాయన ఉండేవాడు, మెషీన్లు రిపేర్ చేసేవాడు, ఆయన నాన్న గనిలో పని చేసినాయనే. వర్క్‌షాపులో ఎప్పుడూ రేడియో మోగుతూ ఉండేది. ఒక రోజు ఒక పాట వస్తుంటే ఆయన చేతిలో పని ఆపేసి సౌండ్ పెంచాడు. నిమ్మళంగా, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఒక మగగొంతు, మధ్యలో ఒకచోట "ఐ నో, ఐ నో" అని ఆగకుండా అదే మాట మళ్ళీ మళ్ళీ. ఆ పెద్దాయన నావైపు తిరిగి ఈయన మావాడు, బొగ్గు ఊరి పిల్లాడు అన్నాడు. మాదీ బొగ్గు ఊరే, మా నాన్న గనిలోనే చేస్తాడు అని చెప్పాను. అంతవరకూ నన్ను ఒక ఇండియన్ స్టూడెంట్‌గా మాత్రమే చూసిన మనిషి, ఆ రోజు నుంచి నేను వర్క్‌షాపుకి పోతే ముందు కుర్చీ చూపించేవాడు.

ఆ పాట "ఏంట్ నో సన్‌షైన్". బిల్ విదర్స్ 1938 జూలై 4న స్లాబ్ ఫోర్క్ అనే చిన్న మైనింగ్ ఊళ్ళో పుట్టాడు, ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. పెరిగింది పక్కనే ఉన్న బెక్లీలో. తండ్రి గని కార్మికుడు, బిల్‌కి పదమూడేళ్ళప్పుడే పోయాడు. అమ్మమ్మ దగ్గర గారాబం. నత్తి ఉండేది, మామూలుగా కాదు, బాగా. ఇరవై ఎనిమిదేళ్ళ దాకా ఆ నత్తి వదల్లేదంట. పదిహేడేళ్ళకే నేవీలో చేరాడు, తొమ్మిదేళ్ళు అక్కడే. మా దగ్గర కూడా పిల్లలు పోలీసుకో మిలిటరీకో సెలెక్ట్ అయితే ఇంట్లోవాళ్ళు స్వీట్లు పంచుతారు, బాయి దిగే పని తప్పింది అని. ఆయన నేవీకి పోవడం వెనకాల కూడా ఆ బొగ్గు ఊరి లెక్కే ఉందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నేవీ నుంచి బయటికొచ్చాక ఫ్యాక్టరీ ఉద్యోగాలు. పాట వైపు ఎలా వచ్చాడో ఆయన చెప్పుకున్న కథ నాకు చాలా ఇష్టం. ఓక్లాండ్‌లో ఒక క్లబ్బుకి లూ రాల్స్ అనే గాయకుడి ప్రోగ్రామ్ చూడ్డానికి పోయాడంట, గాయకుడు ఇంకా రాలేదు, క్లబ్బు మేనేజరు విసుక్కుంటున్నాడు, వారానికి రెండు వేల డాలర్లు ఇస్తుంటే టైముకి రాడేంటి అని. అప్పుడు మన బిల్‌కి గంటకి మూడు డాలర్లు. అంతలో లూ రాల్స్ లోపలికొస్తే ఆడవాళ్ళంతా చుట్టూ చేరిపోయారు. అదంతా చూసి, తాకట్టు కొట్లో ఒక గిటార్ కొనుక్కుని తనే నేర్చుకోవడం మొదలుపెట్టాడు. 1967లో లాస్ ఏంజెలిస్ చేరాడు, పగలు ఫ్యాక్టరీ, మిగిలిన టైములో జీతం డబ్బులతోనే డెమోలు రికార్డు చేసుకోవడం. చాలా కంపెనీలు వద్దన్నాక క్లారెన్స్ అవాంట్ అనే ఆయన తన సస్సెక్స్ రికార్డ్స్‌లో చేర్చుకున్నాడు, మొదటి ఆల్బమ్ ప్రొడ్యూస్ చేసే బాధ్యత బుకర్ టీ జోన్స్‌కి అప్పజెప్పాడు.

బుకర్ టీ అంటే మెంఫిస్‌లో స్టాక్స్ స్టూడియోలో పండిపోయిన వాద్యకారుడు. రికార్డింగ్ రోజు బిల్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా పాత బూట్లతో, డొక్కు కారులో, నోటుబుక్కు నిండా పాటలతో వచ్చాడంట. స్టూడియోలో అంతమంది వాయిద్యాలవాళ్ళని చూసి బుకర్‌ని పక్కకి పిలిచి, ఈ పాటలు పాడేది ఎవరు అని అడిగాడు. నువ్వే కదా అన్నాడు బుకర్. పాడ్డానికి ఇంకెవరో గాయకుడు వస్తాడనుకున్నాడు పాపం. ఇది చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది. పని నేర్చుకుని, పాట రాసుకుని, అన్నీ సిద్ధం చేసుకుని కూడా, ముందు నిలబడే మనిషి తను కాదేమో అనుకోవడం ఎక్కడినుంచి వస్తుందో మా కాలనీ పిల్లలకి బాగా తెలుసు.

ఇక ఆ "ఐ నో" సంగతి. అక్కడ ఇంకా చరణం రాద్దామనుకున్నాడంట, అప్పటికి మాటలు లేక ఊరికే "ఐ నో" అని పాడి ఖాళీ నింపాడు, ఇరవై ఆరు సార్లు. బుకర్ టీ, మిగతావాళ్ళు అది అలాగే ఉంచెయ్యి అన్నారు. వీళ్ళకి ఇంత అనుభవం ఉంది, నేనేమో ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాణ్ణి, వాళ్ళు చెప్పారంటే కారణం ఉంటుంది అనుకుని వదిలేశాడు. మీరు ఆ ముక్క ఒక్కసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మిగతా వాయిద్యాలన్నీ తప్పుకుంటాయి, డ్రమ్స్ మాత్రం ఉంటాయి, ఆ గొంతు ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయినట్టు అదే మాట అనుకుంటూ పోతుంది, మనకి తెలిసిన బాధని మనమే మనకి చెప్పుకున్నట్టు. అక్కడ నిజంగా చరణం రాసి ఉంటే మంచి పాట అయ్యేదేమో, ఇలా మాత్రం అయ్యేది కాదు.

కంపెనీ ఈ పాటని రికార్డు వెనకవైపు వేసింది, ముందువైపు వేరే పాట. రేడియోవాళ్ళు తిప్పి వెనకదే వేశారు, అమెరికా పాటల లిస్టులో మూడో ర్యాంకు దాకా పోయింది, 1972లో గ్రామీ అవార్డు కూడా వచ్చింది. ఆ ఆల్బమ్ అట్ట మీద ఫోటో ఫ్యాక్టరీలో లంచ్ బ్రేక్‌లో తీసిందే: ఇటుక గోడ పక్కన నిలబడి ఉంటాడు, చేతిలో లంచ్ డబ్బా. పైన కిటికీల్లోంచి తోటివాళ్ళు "హే హాలీవుడ్" అని ఆటపట్టిస్తున్నారంట. నేను ఆ అట్ట మొదటిసారి చూసినప్పుడు పాటల సంగతే మర్చిపోయి ఆ డబ్బానే చూస్తూ ఉండిపోయాను. డ్యూటీకి పోయే మనిషి డబ్బా పట్టుకునే తీరు ఒకటుంటుంది, కెమెరా కోసం పట్టుకుంటే అలా రాదు.

పాట హిట్టయ్యే దాకా ఉద్యోగం వదలకూడదనే ఆలోచన కూడా ఆయనకి గట్టిగా ఉండేది, ఈ సంగీతం వ్యాపారాన్ని నమ్ముకోలేం అని. మధ్యలో ఫ్యాక్టరీలో లేఆఫ్ పడింది, తర్వాత ఒకే రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి: ఒకటి మళ్ళీ పనిలోకి రమ్మని, ఇంకోటి జానీ కార్సన్ టీవీ షోలో పాడమని. పాట లక్షల్లో అమ్ముడై గోల్డ్ రికార్డు అయినప్పుడు కంపెనీవాళ్ళు ఆయనకి బంగారు రంగు టాయిలెట్ బహుమతిగా ఇచ్చారు, చేసిన పనికి గుర్తుగా.

అదే 1972లో "లీన్ ఆన్ మీ". కొత్తగా కొన్న చిన్న ఎలక్ట్రిక్ పియానో మీద వేళ్ళు పక్కపక్క మెట్ల మీద పైకీ కిందికీ నడిపిస్తుంటే వచ్చిన ట్యూన్ అది, పియానో రానివాళ్ళు కూడా ఒక సాయంత్రంలో పట్టేస్తారు. అమెరికాలో నంబర్ వన్ అయింది, మూడు వారాలు. కష్టమొస్తే నా మీద ఆనుకో, రేపు నాకూ నీ అవసరం పడుతుంది, పాటంతా ఇంతే. లాస్ ఏంజెలిస్‌లో ఉండి సొంత ఊరివాళ్ళని తలుచుకుని రాశానని చెప్పేవాడు, అక్కడ మనుషులు ఒకరికొకరు నిలబడేవాళ్ళని. ఇది పట్నంలో పుట్టి పెరిగినవాళ్ళకి మంచి నీతిలాగా అనిపించొచ్చు. మాకు అది నీతి కాదు, రోజువారీ. పక్క క్వార్టర్ పెద్దమ్మకి ఆపరేషన్ అయితే వాళ్ళ ఇద్దరు పిల్లలు మా ఇంట్లోనే తిన్నారు, మా ఇంట్లోనే పడుకున్నారు, ఎవరూ ఎవరినీ అడగలేదు, అమ్మ బియ్యం ఎక్కువ పోసింది, అంతే. సెకండ్ షిఫ్ట్ వాళ్ళు రావడం ఆలస్యమైతే లైనులో ఆడవాళ్ళందరూ ఒకే గేటు దగ్గర చేరేవాళ్ళు, అందరి మగవాళ్ళూ వచ్చేదాకా ఎవరూ ఇంట్లోకి పోయేవాళ్ళు కాదు. భూమి కింద పని చేసే ఊళ్ళలో ఇలాగే ఉంటుంది, ఎందుకంటే కింద బాపు ప్రాణం పక్కవాడి చేతిలో, పక్కవాడి ప్రాణం బాపు చేతిలో. ఆ పాట విన్నప్పుడు ఈ మనిషికి ఇది ఎవరో చెప్తే తెలిసింది కాదు అని నాకు వెంటనే అర్థమైంది.

బాపు రిటైర్ అయ్యాక అమ్మా బాపూ నా దగ్గరికి వచ్చారు. అందరూ నయాగరా చూపిస్తారు, నేనూ చూపించాను గానీ, బాపుకి బాగా గుర్తుండిపోయింది బెక్లీ. అక్కడ పాత బొగ్గు గని ఒకటి జనానికి చూపించడానికి ఉంచారు, రైలు పెట్టెల్లాంటి చిన్న బళ్ళలో కూర్చోబెట్టి లోపలికి తీసుకెళ్తారు, చూపించేవాళ్ళు కూడా గనిలో పని చేసి రిటైరైనవాళ్ళే. మా గైడ్ ముసలాయన లోపల బండి ఆపి, ఒక కడ్డీతో పైకప్పు మీద తట్టి చూపించాడు, చప్పుడు గట్టిగా వస్తే కప్పు మంచిగున్నట్టు, బోలుగా వస్తే ఊడేటట్టు ఉందని. నేను తెలుగులో చెప్పబోతే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు, నాకు తెలుసు అన్నట్టు. లేచి నిలబడి, ఆ కడ్డీ ఇమ్మని చెయ్యి చాచాడు. ఆయన ఇచ్చాడు. బాపు తల ఒక పక్కకి వంచి, చెవి పైకి పెట్టి, రెండుచోట్ల తట్టి, మూడో చోట తట్టకుండా అరచెయ్యి ఆనించి ఆగాడు, అదురు తెలియడానికి. ఆ ముసలాయన నవ్వేసి బాపు భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు. బయటికొచ్చాక ఇద్దరూ అరచేతులు తిప్పి తిప్పి ఒకరికొకరు చూపించుకున్నారు.

అక్కడినుంచి స్లాబ్ ఫోర్క్ దగ్గరే, కొండల్లో మలుపులు తిరుగుతూ పోవాలి. పెద్దగా ఏమీ లేదు చూడ్డానికి, రైలు పట్టాలు, కాసిని ఇళ్ళు, చెట్లు. కారులో నేను "గ్రాండ్‌మాస్ హ్యాండ్స్" పెట్టాను. రెండు నిమిషాల పాట, అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ లేదు. చర్చిలో చప్పట్లు కొట్టే అమ్మమ్మ చేతులు, పడితే లేపే చేతులు, దెబ్బలు పడకుండా అడ్డంపడే చేతులు. అర్థం చెప్తుంటే అమ్మ వెనక సీట్లోంచి మళ్ళీ పెట్టమంది. తిరుగుదారిలో బాపు ఈయన కథ అంతా అడిగాడు, నేను చెప్పుకుంటూ వచ్చాను.

సస్సెక్స్‌లో ఉన్న మొదటి మూడు నాలుగేళ్ళు ఆయనకి స్వర్ణయుగం. వాట్స్ 103 స్ట్రీట్ బ్యాండ్‌లోంచి వచ్చిన జేమ్స్ గ్యాడ్సన్ డ్రమ్స్, రే జాక్సన్ కీబోర్డు, మెల్విన్ డన్‌లాప్ బేస్, వాళ్ళతో కూర్చుని తనే ప్రొడ్యూస్ చేసుకున్న ఆల్బమ్ "స్టిల్ బిల్". "యూజ్ మీ"లో గ్యాడ్సన్ వాయించిన దరువు వింటే కాళ్ళు ఆగవు. 1974లో ముహమ్మద్ అలీ, ఫోర్‌మన్ బాక్సింగ్ కోసం ఆఫ్రికాలో జైర్‌లో (ఇప్పటి కాంగో) పెట్టిన పెద్ద సంగీత ఉత్సవంలో జేమ్స్ బ్రౌన్, బీబీ కింగ్‌లతో పాటు పాడాడు. ఆ తర్వాత సస్సెక్స్ మూతపడింది, 1975 నుంచి కొలంబియా అనే పెద్ద కంపెనీ. పాటలు రాలేదని కాదు, 1977లో "లవ్లీ డే" ఇక్కడే వచ్చింది, చివర్లో ఒకే స్వరం పద్దెనిమిది సెకన్లు వదలకుండా పట్టుకుంటాడు చూడండి, ఆ ఊపిరికి దండం పెట్టాలి. కానీ కంపెనీ ఆఫీసులో కూర్చున్నవాళ్ళకీ ఆయనకీ పడలేదు. ఇలా పాడు, అలా రాయి, హారన్స్ పెట్టు, ఆడవాళ్ళ కోరస్ పెట్టు అని చెప్పేవాళ్ళు. ఒకాయనైతే ఎల్విస్ ప్రెస్లీ పాట ఒకటి మళ్ళీ పాడమన్నాడంట. నల్లవాళ్ళ సంగీతం గురించి నల్లవాళ్ళకే పాఠం చెప్పే ఈ తెల్ల నిపుణులంటే ఆయనకి ఒళ్ళుమంట. ఆ టైములో పెద్ద హిట్టు 1981లో గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ శాక్సఫోన్‌తో చేసిన "జస్ట్ ద టూ ఆఫ్ అస్", అదీ వేరే కంపెనీ ఆల్బమ్‌లో. దానికీ గ్రామీ వచ్చింది. 1985లో ఒక ఆల్బమ్ ఇచ్చి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఇది చెప్పినప్పుడు బాపు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "పైన కుర్సీల కూసున్నోనికి కప్పు చప్పుడు ఎట్ల తెలుస్తది బిడ్డా? పని తెల్సినోడు చెప్తె వినాలె. పని తెల్వనోడు చెప్తె వినద్దు. ఆయన మంచిగ చేసిండు."

బిల్ విదర్స్ కెరీర్ గురించి ఇంగ్లీషులో నేను చాలానే చదివాను, అంత పేరొచ్చాక ఎందుకు వదిలేశాడు అని అందరూ అదొక పెద్ద మిస్టరీలాగా రాస్తారు. నాకు బాపు మాట తర్వాత అది మిస్టరీ అనిపించలేదు. బుకర్ టీ చెప్తే ఇరవై ఆరు "ఐ నో"లు అలాగే ఉంచేసిన మనిషే, కొలంబియా ఆఫీసువాళ్ళు చెప్తే వినలేదు. మొదటిది వినయం, రెండోది పొగరు అని కొందరు అనుకుంటారేమో. రెండూ ఒకటే. తన పని తెలిసిన మనిషి ఎవరి మాటకి విలువివ్వాలో తెలుసుకుని ఇచ్చాడు. పైగా భార్య మార్షా ఆయన పాటల హక్కుల వ్యవహారం చూసుకునేది, పాటలు ఆయనవే, డబ్బు కోసం నచ్చని పని చెయ్యాల్సిన అవసరం లేదు. పిల్లల్ని పెంచుకున్నాడు, మామూలుగా బతికాడు. 1987లో క్లబ్ నూవో అనే గ్రూపు "లీన్ ఆన్ మీ" మళ్ళీ పాడితే అదీ నంబర్ వన్ అయింది, దాని రచయితగా ఆయనకి మూడో గ్రామీ ఇంటికే వచ్చింది.

2009లో ఆయన మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది, అందులో నత్తి ఉన్న పిల్లల నాటక బృందం దగ్గరికి వెళ్ళి కూర్చుంటాడు. ఒక్కో మాట పలకడానికి పిల్లలు పడే కష్టం చూస్తూ ఆ పెద్ద మనిషి కళ్ళు తుడుచుకుంటాడు. నత్తి వల్ల బడిలో నోరు విప్పని పిల్లాడే కదా ఆ మాటలన్నీ దాచుకుని పాటల్లో పెట్టింది. 2015లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు స్టీవీ వండర్ ఆయన పాట పాడాడు, జాన్ లెజెండ్ కూడా, బిల్ పక్కన కూర్చుని చప్పట్లు కొడుతూ ఉన్నాడు. ఎంతమంది అడిగినా సోలోగా పాడలేదు. నాకు అదీ నచ్చింది.

2020 మార్చి 30న లాస్ ఏంజెలిస్‌లో గుండె జబ్బుతో పోయాడు, ఎనభై ఒక్క ఏళ్ళు. వార్త నాలుగు రోజుల తర్వాత బయటికొచ్చింది. అప్పుడు లాక్‌డౌన్, అప్పటికే జనం బాల్కనీల్లో నిలబడి హాస్పిటల్ వాళ్ళ కోసం "లీన్ ఆన్ మీ" పాడుతున్నారు. నేను ఇంటికి ఫోన్ చేసి చెప్తే బాపు, "మన బాయి పాటగాడా?" అన్నాడు. ఆయన పేరు పలకడం బాపుకి ఎప్పుడూ రాలేదు, మన బాయి పాటగాడు అనే అనేవాడు.

మీలో ఎవరైనా ఇంతవరకూ వినకపోతే, హిట్లన్నీ కలిపిన క్యాసెట్ లాంటివి కాకుండా, 1972 అక్టోబర్ 6న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. ఆ రాత్రి బయట వాన. పాటకీ పాటకీ మధ్య ఆయన మాట్లాడతాడు, అమ్మమ్మ గురించి, చర్చి గురించి, ఇంట్లో అరుగు మీద కూర్చుని చెప్తున్నట్టే. వియత్నాంలో చెయ్యి పోగొట్టుకుని వచ్చిన కుర్రాడి గురించి ఒక పాట ఉంటుంది, కుడిచెయ్యి లేదు, ఎడమచేత్తో రాయడం రాదు, అమ్మకి ఉత్తరం రాసిపెట్టమని ఎవరినో అడుగుతాడు. అది ఒక్కరే ఉన్నప్పుడు వినండి. ఆఖరి పాట పదమూడు నిమిషాలు, జనం చప్పట్లతో తాళం వేస్తూ ఆయన్ని వదలరు. దాన్ని మాత్రం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు, సౌండ్ బాగా పెంచి పెట్టండి.